డెల్టా పెరటి అరటికి వంటింటి ఎరువు

వంటింటి చెత్తను ఎరువు చేయాలంటే గుంత తవ్వమని చాలామంది చెబుతారు. గోదావరి డెల్టాలో, ముఖ్యంగా కోనసీమ పల్లపు ఊళ్ళలో, వానాకాలంలో ఆ సలహా పనికిరాదు. కొంచెం తవ్వేసరికే నీరు ఊరే చోట చెత్త కుళ్ళి కంపు కొడుతుందే తప్ప ఎరువుగా మారదు. అందుచేత పెరట్లో మెరకగా ఉన్న చోట కొబ్బరి డొక్కలను బోర్లించి పరచి, వాటిపై మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తులతో కుప్ప వేయాలి. డొక్కల సందుల్లో గాలి ఆడుతుంది, నీరు జారిపోతుంది.

కూరగాయల తొక్కలు, టీ పొడి, నలిపిన కోడిగుడ్డు పెంకులు ఒక పొరగా వేసి, దానికి రెట్టింపు మందాన ఎండు వరిగడ్డి, ఎండుటాకులు కప్పి, పొరపొరకూ పేడనీళ్ళు చిలకరించాలి. పులస తెచ్చిన రోజైనా సరే, పొలుసూ పేగులూ ఇందులో వేయరాదు. రాత్రికి రాత్రే కుక్కలు కుప్పను చెదరగొడతాయి. ఉప్పు, నూనె ఉన్న ఊరగాయలూ వద్దు.

గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎండుగడ్డి కలపాలి, చుక్క కూడా రాకపోతే నీరు చల్లాలి. పదిహేను రోజులకొకసారి తిరగవేస్తూ, వానకు తాటాకులు కప్పితే మూడు నాలుగు నెలల్లో మాగుతుంది. కుప్ప లోపల ఇంకా వేడి తగులుతుంటే ఆగాలి. ఒక ఏడాది నేను తొందరపడి సగం మాగినదాన్ని నిమ్మ పాదులో వేయగా, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని వాడుకోవడంతో ముదురాకులు పసుపుబారాయి.

ఎకరానికి సుమారు 1000 మొక్కలు పట్టే కర్పూర చక్కెరకేళి రకం అరటి తోటకు ఒక ఇంటి చెత్త ఏ మూలకూ చాలదు. పెరట్లోని నాలుగైదు చెట్లకైతే అక్కరకొస్తుంది. అరటికి నత్రజనితో పాటు పొటాష్ ఎక్కువ కావాలి గనుక ఎరువులో కాస్త కట్టెల బూడిద కలిపి, బోదెకు అడుగు దూరంలో చుట్టూ వేసి, పైమట్టితో కలపాలి. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి లోతుగా తవ్వరాదు. గెల కోసిన బోదెను ముక్కలు చేసి మళ్ళీ కుప్పలో వేయవచ్చు. పనామా తెగులు సోకిన చెట్టును మాత్రం వేయరాదు. వేసవిలో కాలువలు కట్టేసే రోజులకు ముందే పాదుల్లో ఎరువు వేసి, పైన ఎండు అరటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు.