మోటారు నీళ్లలో కృష్ణబిలపు అంచు: కట్టి చూసే పద్ధతి

“ఈ కొత్త గురుత్వ సిద్ధాంతంలో కృష్ణబిలాలు ఏర్పడవు” అని ఎవరన్నా, ఏ అల ఎక్కడ చిక్కుకుంటుందో ముందు అడగాలి. ఆ ప్రశ్న చేలో మోటారు దగ్గరే అర్థమవుతుంది. కృష్ణబిలం చుట్టూ ఆకాశం (ఖాళీ స్థలం) నీళ్లలా లోపలికి పారుతోందనుకోండి, కాంతి దాని మీది అల. పారుదల అలను మించిన చోట అల వెనక్కి రాలేదు; ఆ హద్దు పేరే క్షితిజం.

8 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పుతో ప్లైవుడ్ కాలువ కొట్టించండి. నడుమ జింకు రేకుతో 3 సెంటీమీటర్ల ఎత్తు, 2 అడుగుల పొడవున నున్నటి మూపు బిగించండి. మూపు పక్కలు నిటారుగా ఉంటే సుడులు రేగి అల కనపడదు. మన డెల్టా నేల బల్లపరుపు, బోదె నుంచి మడిలోకి వాలు చాలదు. అందుకే కాలువను అడుగున్నర ఎత్తున ఇటుకల మీద పెట్టండి. కింది కొస దగ్గర నీళ్లు నిలిస్తే ఎగదన్ని మూపును ముంచేస్తాయి.

15 లీటర్ల బకెట్టు 5 సెకన్లలో నిండేంత ధార చాలు. పైపు నోటికి గోనెసంచి కట్టండి. మూపుకు ఎగువన లోతు 7 సెం.మీ. ఉంటుంది, సెకనుకు నీటి వేగం 21 సెం.మీ., అల వేగం 83. మూపు నెత్తిన లోతు 2.8, రెండు వేగాలూ 53 దగ్గర కలుస్తాయి. క్షితిజం అదే. దిగువన లోతు 1.4, నీరు 107, అల 37. అక్కడ చెక్కను పైపైన తాకిస్తే అల ఎగువకు రాదు. లోతుగా ముంచితే నీరు అడ్డుపడి మెట్టులా లేచి ఎగువకు ఎక్కుతుంది, పరీక్ష చెడుతుంది.

సన్నటి ముడతల్ని నమ్మకండి. 1.7 సెం.మీ. కంటే పొట్టి అలల్ని తలతన్యత నడిపిస్తుంది. పొట్టివయ్యేకొద్దీ అవి వేగం పుంజుకుంటాయి, క్షితిజం దాటి ఎగబాకగలవు.

ఇక సిద్ధాంతాలకు రండి. ఐన్‌స్టీన్ లెక్కలో సూర్యుడంత ద్రవ్యరాశికి కేంద్రం నుంచి సుమారు 3 కిలోమీటర్ల దగ్గర ఆకాశపు పారుదల కాంతివేగాన్ని అందుకుంటుంది. యిల్మాజ్ అనే భౌతికవేత్త 1958లో తెచ్చిన ప్రత్యామ్నాయ సిద్ధాంతంలో గురుత్వం వల్ల గడియారం ఎంత నెమ్మదించినా పూర్తిగా ఆగదు, కనుక క్షితిజమే లేదు. గురుత్వ బలాన్నే చోటుచోటుకీ మారనిచ్చే బ్రాన్స్-డిక్కీ సిద్ధాంతం (1961) వేరు: నిలకడకొచ్చిన కృష్ణబిలం ఐన్‌స్టీన్ దానిలాగే ఉంటుందని 1972లో హాకింగ్ చూపాడు. అయితే పరిష్కారం ఉండటం వేరు, నక్షత్రం కుంగి అక్కడికి చేరడం వేరు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ఆ కుంగుబాటును ఓపెన్‌హైమర్, స్నైడర్ 1939లోనే లెక్కగట్టారు. ప్రత్యామ్నాయం తెచ్చినవారు ఆ లెక్కే చూపించాలి.

ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి, ప్రతిచోటా ఒక కాల దిశను ఎంచే ‘ఈథర్’ క్షేత్రాన్ని జోడించిన ఐన్‌స్టీన్-ఈథర్ సిద్ధాంతంలో ముడతల గొడవ మళ్లీ వస్తుంది. అక్కడ కొన్ని తరంగాలు కాంతిని మించి పరుగెత్తగలవు, కాంతి క్షితిజం వాటిని ఆపలేదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకే, కాంతి జాతివే అయిన గామా కిరణాలు అందాయి. దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. దాంతో మామూలు గురుత్వ తరంగానికి కాంతిని మించే వెసులుబాటు దాదాపు పోయింది. ఈథర్‌లోని మిగతా తరంగాలకు ఇంకా ఉంది. వాటికి క్షితిజం మరింత లోపల, విడిగా వెతకాలి.