ప్లైవుడ్ లెక్కలో రంపం కోతను మరువకండి

వంటగది అల్మారాలకు ఎన్ని ప్లైవుడ్ షీట్లు కావాలో తేల్చడానికి మొత్తం చదరపు అడుగులను 32తో (8×4 అడుగుల షీటు వైశాల్యంతో) భాగించి ఊరుకోకండి. స్కెచప్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన డిజైన్‌కు, ఉచితంగా దొరికే ఓపెన్‌కట్‌లిస్ట్ అనే ప్లగిన్‌ను జోడిస్తే ఏ ముక్క ఏ షీటులో ఎక్కడ ఇముడుతుందో పటంగా చూపిస్తుంది. అయితే రంపం కోత మందాన్ని, అంచుల తరుగును అందులో ముందుగానే నమోదు చేయాలి.

పాలకొల్లులో ఒక ఇంటికి కింది అరల లోతును నేను 610 మిల్లీమీటర్లుగా, అంటే రెండడుగులుగా, పెట్టాను. 1220 మిల్లీమీటర్ల వెడల్పున్న షీటులో రెండు ముక్కలు సరిగ్గా వస్తాయని కాగితం మీది లెక్క చెప్పింది గాని, రంపం 4 మిల్లీమీటర్లు తినేసరికి రెండవ ముక్క 606 మాత్రమే వచ్చింది. రవాణాలో నలిగిన అంచులను రెండు వైపులా పదేసి మిల్లీమీటర్లు తీసేస్తే ఒక్కో ముక్కకు మిగిలేది 598. అందుకే ఇప్పుడు లోతును మొదటే 590గా గీస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో ముక్కలను అడ్డంగా తిప్పుకునే వెసులుబాటును లోపలి అరలకే ఇవ్వండి. తలుపులకు కూడా ఇస్తే షీట్లు తగ్గినట్టు కనిపిస్తుంది గాని, చెక్క గీతలు ఒక తలుపు మీద నిలువుగా, పక్క తలుపు మీద అడ్డంగా వచ్చి పని అందమంతా పోతుంది.

మన డెల్టాలో కాలువ గట్టు ఇళ్లకు చెమ్మ ఎక్కువ కనుక, సింకు కింది భాగానికి వాడే, నీటిని తట్టుకునే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ప్లైవుడ్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేరే మెటీరియల్‌గా పేరు పెట్టి ఉంచండి. లేకపోతే అది మామూలు ఐఎస్ 303 షీట్ల లెక్కలో కలిసిపోతుంది.