అడవి కార్బన్ లెక్క: రంపచోడవరం లోయ నుంచి అనంతగిరి మీద దాకా, దర్జీ టేపుతో

ప్రతి ఏడాదీ ప్రాజెక్టుల సీజన్‌లో ఎమ్మెస్సీ పిల్లలు ఒకరిద్దరు ఫోన్ చేసి అడవిలో కార్బన్ ఎలా కొలవాలండీ అని అడుగుతారు. చెప్పింది సగం విని, వెళ్లి చెట్ల చుట్టుకొలతలు రాసుకుని వచ్చేస్తారు. చెట్టు గాదె లాంటిది. గాదెలో ఇవాళ ఎంత ధాన్యం ఉందో చూస్తే, ఏటా ఎంత పోస్తున్నారో ఎంత తీస్తున్నారో తెలియదు కదా. పోసే పని ఆకులది, తీసే పని చాలావరకు నేల మీదా నేల లోపలా జరుగుతుంది. అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను, కింద రంపచోడవరం వైపు ఒక అడవి, పైన అరకు దగ్గరి అనంతగిరి కొండ మీద ఒక అడవి, రెండూ పోల్చేలా.

ముందు పర్మిషన్. రిజర్వు ఫారెస్టులో డీఎఫ్‌ఓ (అటవీ శాఖ అధికారి) ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా తాడు కూడా కట్టకండి. తర్వాత ఊళ్లో ఒక మనిషిని మాట్లాడుకుని రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండరెడ్లలో పెద్దవాళ్లు బెరడు చూసి నల్లమద్దో, బొజ్జో, వేగిసో చెప్పేస్తారు, మీరు ఆకు కోసం మెడ విరుచుకునే లోపే. చెట్టు పేరు తప్పితే లెక్క ఎంత తప్పుతుందో కింద చూస్తారు.

ప్లాటు, అంటే చెట్లు కొలవడానికి తాడు కట్టుకునే చదరం, 20 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు చాలు, కింద కనీసం ఐదు, పైన ఐదు. ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటుంది: ప్లాటు కొలత నేల వాలు వెంట కాదు, మ్యాపులో పైనుంచి చూసినట్టు చదునుగా ఉండాలి. 30 డిగ్రీల వాలులో 20 మీటర్లు కావాలంటే నేల మీద 23.1 మీటర్లు తాడు పరచాలి. వాలు కోణం ఫోన్ యాప్‌తో తెలుస్తుంది. ఇది మర్చిపోతే కొండ ప్లాటు చిన్నదై, కొండ అడవిలో కార్బన్ తక్కువని తేలుతుంది. అది అడవి తప్పు కాదు, మీ తాడు తప్పు.

ఇక చెట్టు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత. మన ఫారెస్టు వాళ్లు 1.37 దగ్గర కొలుస్తారు, ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా మార్చకండి. వాలులో చెట్టుకి ఎగువ వైపు నిలబడి ఎత్తు చూసుకోవాలి. మొదలు దగ్గర రెక్కల్లా వేళ్లు పరుచుకున్న చెట్టయితే ఆ రెక్కలు ఆగిన చోటుకి అర మీటరు పైన కొలవాలి. టేపు కింద అడ్డాకు తీగ దూరితే తీగని పక్కకి లాగి కొలవండి, నరకద్దు, ఆ తీగలోనూ కార్బన్ ఉంది, దాన్ని విడిగా రాసుకోండి. జీలుగు చెట్టు తాటి జాతి, దానికి ఈ సూత్రం పనికిరాదు, దాన్నీ పక్కన పెట్టండి. కొలిచిన చోట సన్నగా రంగు గీత గీయండి. మొదటి ఏడాది నేను మామూలు సుద్దతో గీశాను. రెండు వానలకి కొట్టుకుపోయింది, మరుసటి ఏడాది వెళ్లి చూస్తే మూడు చెట్లు సన్నబడ్డాయి! గీత లేక టేపు కాస్త పైన చుట్టాం, అంతే.

లెక్కకి ఉష్ణమండల అడవుల కోసం జెరోమ్ షావ్ అనే శాస్త్రవేత్త బృందం 2014లో ఇచ్చిన సూత్రం వాడండి. చుట్టుకొలతని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. కలప సాంద్రతని (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) వ్యాసం వర్గంతో (సెంటీమీటర్లలో), ఎత్తుతో (మీటర్లలో) గుణించండి. వచ్చిన సంఖ్యని 0.976 ఘాతానికి తీసుకెళ్లి 0.0673తో గుణిస్తే నేల పైన ఉన్న పొడి బరువు కిలోల్లో వస్తుంది. 157 సెంటీమీటర్ల చుట్టుకొలత, 20 మీటర్ల ఎత్తు ఉన్న నల్లమద్ది అనుకుందాం, సాంద్రత 0.75. పొడి బరువు సుమారు 1,960 కిలోలు, అందులో 0.47 వంతు కార్బన్, అంటే 920 కిలోల చిల్లర. అదే కొలతలున్న బూరుగు అయితే, సాంద్రత 0.35 కాబట్టి, బరువు 930 కిలోలే. చూశారా, పేరు తప్పితే సగానికి సగం పోయింది. ఆ నల్లమద్ది ఏడాదిలో చుట్టుకొలతలో ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగితే చేరే కార్బన్ 17 కిలోల దరిదాపు. టేపు వంకరగా పడితే ఆ ఒకటిన్నర అక్కడే మాయమవుతుంది, అందుకే గీత మీద అంత గోల పెట్టాను.

ఇప్పుడు ఆకు. నాకు ఇష్టమైన భాగం ఇదే. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న చట్రానికి దోమతెర గుడ్డ కుట్టి, నేలకి మీటరు ఎత్తున నాలుగు కర్రలకి కట్టండి, మధ్యలో కాస్త వేలాడాలి, లేకపోతే గాలికి ఆకు ఎగిరిపోతుంది. ప్లాటుకి కనీసం రెండు. పదిహేను రోజులకోసారి వెళ్లి ఏరి, ఆకులు, పుల్లలు, కాయలు వేరు చేసి, 65 నుంచి 70 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి తూచాలి. ఒక వలలో 20 గ్రాములు వచ్చిందంటే చదరపు మీటరుకి 80 గ్రాములు, హెక్టారుకి 0.8 టన్ను. కింది ఆకురాల్చే అడవుల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వల నిండిపోతుంది, వానాకాలంలో వెలితిగా ఉంటుంది, కాబట్టి మూడు నెలలు కొలిచి నాలుగుతో గుణించే తెలివి చూపించకండి. కోతులు ఒకటో రెండో చింపుతాయి, స్పేర్ కుట్టి పెట్టుకోండి. నావి రెండు ఎవరో విప్పుకెళ్లి చింతపండు ఆరబెట్టుకున్నారు, గుడ్డ మంచిది కాబట్టి తప్పు పట్టలేం.

రాలిన ఆకు ఎంత త్వరగా కుళ్లుతుందో చూడ్డానికి 2 మిల్లీమీటర్ల కన్ను ఉన్న నైలాన్ సంచుల్లో 10 గ్రాముల పొడి ఆకు పోసి నేల మీద పరచండి. కిందా పైనా ఒకే చెట్టు ఆకు వాడాలి, లేకపోతే తేడా చెట్టుదో చలిదో తేలదు. ఆరు నెలలకి కింది సంచిలో 4 గ్రాములు, పై సంచిలో 6 గ్రాములు మిగిలాయనుకోండి. 10ని మిగిలిన బరువుతో భాగించి సహజ లాగరిథమ్ తీసి, అర సంవత్సరంతో భాగిస్తే ఏడాదికి కుళ్లే వేగం కింద 1.8, పైన 1.0 వస్తుంది. ఒకటిని ఆ వేగంతో భాగిస్తే, కింద ఆకు సగటున ఆరున్నర నెలలు, పైన సుమారు ఏడాది ఉంటుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఐదారు డిగ్రీలు తగ్గుతుంది, చెదలూ శిలీంధ్రాలూ ఆ మేరకు నెమ్మదిస్తాయి.

మట్టికి ఖర్చు తక్కువ మార్గం ఉంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం శాతం ఇస్తారు, అదే మీకు కావలసింది. పాతకాలపు డైక్రోమేట్ పద్ధతి కర్బనంలో సుమారు 77 శాతాన్నే పట్టుకుంటుంది కాబట్టి 1.3తో గుణించాలి, ల్యాబ్ వాళ్లు ఇప్పటికే గుణించారా అని ముందే అడగండి. కొలత తెలిసిన ఇనుప గొట్టం ముక్కని మట్టిలోకి దింపి, ఆ మట్టిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచి, ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. రాళ్లు తీసేయాలి. సాంద్రత 1.2, కర్బనం 2 శాతం, లోతు 30 సెంటీమీటర్లు అయితే మూడూ గుణించండి: హెక్టారుకి 72 టన్నులు. పైన మట్టి గుల్లగా 0.9 ఉన్నా కర్బనం 4 శాతం ఉంటే 108 టన్నులు. ఒకసారి ఓ ల్యాబ్‌లో నా పై శాంపిళ్లు, కింది శాంపిళ్లు తారుమారయ్యాయి. రిపోర్టు చూసి రెండు వారాలు టెన్షన్ పడ్డాను. అప్పటినుంచి చీటీ పెన్సిల్‌తో రాసి సంచి లోపల ఒకటి, బయట ఒకటి పెడతాను, ఒకే మట్టిని రెండు పేర్లతో కూడా పంపుతాను.

పెరూలో కోస్ఞిపాత లోయ వెంట ఆమెజాన్ మైదానం నుంచి ఆండీస్ మీదకి, సుమారు 200 మీటర్ల నుంచి 3,000 మీటర్లు దాటేదాకా వరసగా ప్లాట్లు పెట్టి శాస్త్రవేత్తలు ఇదే చేశారు. ఎత్తుకి వెళ్లే కొద్దీ చెట్లలో కార్బన్ తగ్గింది, ఏటా వచ్చే పెరుగుదల తగ్గింది, మట్టిలో మాత్రం పెరిగింది. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తు లేదు, అక్కడి ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండే సుమారు 1,680 మీటర్లు. కాబట్టి మీకు అంత తేడా కనిపించకపోతే కంగారు పడకండి. మన దగ్గర ఎత్తు కంటే ఆ నేల చరిత్రే లెక్కని ఎక్కువ తిప్పుతుందని నా నమ్మకం: ఎప్పుడో పోడు కొట్టి వదిలేసిన వాలు, ఏప్రిల్‌లో మంట పాకి రాలిన ఆకంతా నేలలోకి చేరకుండానే గాల్లో కలిసిన చోటు, పశువులు తొక్కిన దారి. ఊరి మనిషిని అడిగి ప్రతి ప్లాటు పక్కనా ఇవి రాసుకోండి. అనంతగిరిలో సిల్వర్ ఓక్ నీడన ఉన్న కాఫీ తోటని అడవి ప్లాటుగా లెక్కపెట్టొద్దు, దూరం నుంచి అచ్చం అడవిలాగే ఉంటుంది.

రెండో ఏడాది కొలత కూడా మొదటిసారి కొలిచిన నెలలోనే పెట్టుకోండి. వానకి బెరడు ఉబ్బుతుంది, ఎండకి బిగుస్తుంది. మే నెలలో కొలిచి మరుసటి ఏడాది సెప్టెంబరులో కొలిస్తే మీరు లెక్కపెట్టిన పెరుగుదలలో కొంత నీళ్లే.