గాలిమర తిరుగుతోంది, లైటు వెలగట్లేదు: పిల్లల మోడల్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

బరంపురంలో మన తెలుగు పిల్లలు సైన్సు బడిలో ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో చదువుకుంటారు, సందేహాలు మాత్రం ఇంటికొచ్చి తెలుగులో అడుగుతారు. సైన్సు ఎగ్జిబిషన్ దగ్గరపడితే ఆ సందేహాలు టెన్షన్‌గా మారతాయి. "మావయ్యా, రెక్కలు తిరుగుతున్నాయి గానీ లైటు ఎలగట్లేదు!" అంటూ మోడల్ పట్టుకుని వచ్చేస్తారు. అప్పుడు పెద్దవాళ్లు కొందరు మోడల్ లాక్కుని తామే బాగుచేసేస్తారు. ఇంకొందరు వెనకాల బ్యాటరీ దాచి లైటు వెలిగించేస్తారు. రెండూ వద్దు, రెండోది అసలే వద్దు. లోపం వెతుక్కుంటూ పోయిన పిల్లకే గాలిమర అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. మనం చేయాల్సిందల్లా ఎక్కడ వెతకాలో చూపించడం.

అన్నిటికంటే ముందు: దారం పరీక్ష

ఈ మోడల్‌లో గాలి మూడు రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం చిన్న మోటారును తిప్పుతుంది, అలా పుట్టిన కరెంటుతో ఎల్ఈడీ అనే చిన్న లైటు వెలగాలి. అంటే ఇందులో రెండు భాగాలున్నాయి. గాలి నుంచి మోటారు షాఫ్ట్ (బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు) దాకా ఒకటి, షాఫ్ట్ నుంచి ఎల్ఈడీ దాకా రెండోది. తప్పు ఏ భాగంలో ఉందో తెలియకుండా దేన్నీ విప్పకూడదు. రెక్కల చక్రం ఒక్కటి తీసేసి, షాఫ్ట్‌కు కుట్టుదారం పది చుట్లు చుట్టి, మోటారును గట్టిగా పట్టుకుని దారాన్ని ఒక్క ఊపున లాగమనండి. రెండు మిల్లీమీటర్ల షాఫ్ట్ కాబట్టి ఆ లాగుడుకు మోటారు విపరీతమైన వేగంతో తిరుగుతుంది. ఎల్ఈడీ ఒక్క క్షణం మెరిస్తే వైర్లు, ఎల్ఈడీ, మోటారు అన్నీ బాగున్నట్టే. ఇక చూడాల్సింది రెక్కలను, వేగాన్ని. మెరవకపోతే ఎల్ఈడీ కాళ్లు మార్చి మళ్లీ లాగండి. అప్పటికీ మెరవకపోతే రెక్కల జోలికి పోకుండా అతుకులు చూడండి.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెక్కల కోణం, మోటారు రెండూ ఒకేసారి మార్చితే దేనివల్ల బాగుపడిందో పిల్లకూ తెలియదు, మీకూ తెలియదు.

రెక్కలు అసలు కదలవు

చాలాసార్లు రెక్కలు గాలికి పలకలా ఎదురుగా నిలబడి ఉంటాయి. గాలి వాటిని వెనక్కి నెడుతుందే తప్ప పక్కకు నెట్టదు. ప్రతి రెక్కనూ చక్రం తిరిగే తలం నుంచి 15 నుంచి 20 డిగ్రీలు వాల్చాలి. జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలిపించండి, కంటి అంచనాతో వదిలేయొద్దు. మూడూ ఒకే వైపు వాలాయో లేదో కూడా చూడండి. ఒక్కటి అటువైపు వాలినా మిగతా రెంటికీ అది అడ్డం పడుతుంది.

45 డిగ్రీలు పెడితే చక్రం తేలిగ్గా కదులుతుంది కానీ వేగం అందుకోదు. మరీ 5 డిగ్రీలైతే మొదలవ్వదు, వేలితో తోస్తే మాత్రం జోరుగా తిరగొచ్చు. ఈ మూడూ పిల్లల చేత చేయించి చూడండి. అందుకే రెక్కలను ఫెవిక్విక్‌తో అతికించేయకండి. రెక్కను టూత్‌పిక్‌కు అతికించి, ఆ టూత్‌పిక్‌ను మధ్యలోని థర్మోకోల్ ముక్కకో బెండు ముక్కకో గుచ్చితే కోణం ఎప్పుడైనా తిప్పుకోవచ్చు.

కోణం సరిగ్గా ఉన్నా కదలకపోతే, గాలి కోసం ఎదురుగా పెట్టిన ఫ్యానును చూడండి. ఫ్యాను నడిమధ్య, మోటారు ఉన్న చోట, ముందుకు గాలి దాదాపు రాదు. మోడల్‌ను దగ్గరగా ఆనించి పెడితే ఆ ఖాళీలో పడుతుంది. ఒక మీటరు దూరం జరపండి.

తిరుగుతుంది, కానీ వెలగదు

అందరూ ఆగిపోయేది ఇక్కడే. అనుమానమంతా వైర్ల మీదికి పోతుంది, అసలు కారణం ఎక్కువసార్లు వేగం. లెక్క కట్టి చూపిస్తే ఆరో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది.

బొమ్మకారులోంచి తీసిన మోటారుకు 3 వోల్టులు ఇస్తే నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుందనుకుందాం. దాన్నే మనం తిప్పితే కరెంటు వెనక్కి వస్తుంది. కానీ 3 వోల్టులు రావాలంటే సుమారు అంతే వేగంగా తిప్పాలి. 20 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న మన చక్రం ఫ్యాను గాలికి నిమిషానికి 800 చుట్లు తిరిగిందంటే బాగా తిరిగినట్టే. అప్పుడు వచ్చేది 0.4 వోల్టు. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 1.8 వోల్టులు కావాలి, తెల్లదానికి, నీలందానికి 3 దాకా కావాలి. ఇక ఎలా వెలుగుతుంది? దారంతో లాగినప్పుడు మెరిసి, రెక్కలతో మెరవకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం మోటారు మార్చడం. తక్కువ వేగానికి ఎక్కువ వోల్టులు ఇచ్చేది కావాలి. 12 వోల్టులకు 2400 చుట్లు తిరిగే మోటారైతే అదే 800 చుట్లకు 4 వోల్టుల దాకా ఇస్తుంది. పాడైన ప్రింటర్లలో, పాత టేప్ రికార్డర్లలో ఇలాంటివి దొరుకుతాయి. టేప్ రికార్డర్ మోటార్లలో కొన్నిటికి లోపలే వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్ ఉంటుంది, అవి మనకు పనికిరావు. రిపేరు కొట్టుకు వెళ్లేటప్పుడు ఒక ఎర్ర ఎల్ఈడీ జేబులో వేసుకెళ్లండి. మోటారు రెండు కొసలకు దాని కాళ్లు ఆనించి షాఫ్ట్‌ను వేళ్లతో చురుగ్గా తిప్పండి, రెండు వైపులా. మినుకుమంటే కొనుక్కోండి.

పాత సీడీని పెద్ద చక్రంగా పెట్టి, రబ్బరు బ్యాండుతో మోటారు మీది చిన్న చక్రాన్ని తిప్పడం ఇంకో దారి. నిజమైన గాలిమరల్లో చాలావాటిలో ఇదే పని గేర్‌బాక్స్ చేస్తుంది: రెక్కలు నిమిషానికి పదిహేను చుట్లు తిరిగితే జనరేటర్‌ను 1500 దాకా తిప్పుతుంది. కాకపోతే చిన్న మోడల్‌లో రబ్బరు రాపిడికే బలమంతా పోతుంది. మొదటిసారి చేసే పిల్లలకు నేను మోటారు మార్చమనే చెబుతాను.

ఏదీ దొరక్కపోతే ఎల్ఈడీ పక్కన పెట్టి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ తగిలించండి. 0.4 వోల్టు కూడా గాలి ఇచ్చిందే. కోణం మార్చినప్పుడల్లా ఆ అంకె ఎంత మారిందో పిల్ల పట్టిక రాసుకుంటే, దాచిన బ్యాటరీతో వెలిగిన లైటు కంటే ఎగ్జిబిషన్‌లో దానికే విలువ.

నిన్న వెలిగింది, ఇవాళ వెలగట్లేదు

రెక్కల వాలు అటు నుంచి ఇటు మారిందేమో చూడండి. చక్రం ఎదురు దిశలో తిరిగితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి, ఎల్ఈడీ ఒక్క వైపే కరెంటు పోనిస్తుంది. పొడుగు కాలు ప్లస్. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు రెండు ఎదురెదురుగా కలిపి పెడితే ఎటు తిరిగితే ఏది వెలుగుతుందో చూసి పిల్లలు సంబరపడతారు. వాలు మారలేదంటే, మెలిపెట్టి వదిలేసిన వైరు ఊడి ఉంటుంది.

వైరు తగిలించగానే నెమ్మదిస్తుంది

ఇది లోపం కాదు, ఈ మోడల్ నేర్పే అసలు పాఠం. మోటారు రెండు వైర్లను ఒకదానికొకటి ఆనించి షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పించండి, బిగుసుకున్నట్టు తగులుతుంది. విడదీస్తే మళ్లీ తేలిక. మోటారు లోపలి తీగచుట్టలో కరెంటు పారగానే అది తనను తిప్పుతున్న బలానికే ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురును దాటి తిప్పే పని గాలి చేస్తోంది, ఆ పనే కరెంటుగా మారుతోంది. పిల్ల వేళ్లకు ఇది తెలిశాక "గాలి నుంచి కరెంటు ఊరికే వస్తుందా?" అని ఇక అడగదు.

గడగడా వణుకుతుంది

ఒక రెక్క బరువు ఎక్కువ. చక్రాన్ని ఒక సూది మీద నిలువుగా వదులుగా తిరగనిస్తే ప్రతిసారీ అదే రెక్క కిందికి వస్తుంది. మిగతావాటికి టేపు ముక్కలు అంటిస్తూ సరిచేయండి. రెక్క ఊడితే కళ్లకు తగులుతుంది, తిరిగే చక్రానికి ఎదురుగా ఎవరూ మొహం పెట్టకూడదు. ప్లగ్గు కరెంటుకు ఈ మోడల్‌లో ఏ భాగాన్నీ తగిలించకూడదు.

గోపాల్‌పూర్ బీచ్‌కి తీసుకెళ్తే ఆగి ఆగి తిరుగుతోంది

మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వచ్చేటప్పుడు ఇంట్లో ఫ్యాను కంటే బాగా తిరగాలి. తిరగట్లేదంటే సరుగుడు చెట్ల వెనకో గోడ పక్కనో పెట్టి ఉంటారు, అక్కడ గాలి సుడులు తిరుగుతుంది. ఖాళీగా ఉన్న ఇసుకలోకి మార్చండి. గాలి దిక్కు మారితే తిరిగేలా వెనక అట్ట తోక పెట్టండి. నేల మీద కంటే ఎత్తులో గాలి జోరు ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి రెండడుగులు ఎత్తు పెంచినా తేడా కనిపిస్తుంది. కింద తడి ఇసుక నింపిన సీసా ఉంటే స్తంభం పడదు.

మోడల్ బాగానే ఉంది, ప్రశ్న దగ్గరే ఆగిపోయాం

"ఈ గాలిమర కరెంటుతోనే ఫ్యాను తిప్పితే?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఫ్యానుకు సుమారు 50 వాట్లు కావాలి. మన చిన్న చక్రం గుండా పోయే గాలిలో ఉన్నది ఒక వాట్ అటూ ఇటూ. అందులోనూ 59.3 శాతానికి మించి ఏ గాలిమరా తీసుకోలేదని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్క కట్టాడు. గాలి వేగమంతా లాగేస్తే అది రెక్కల వెనకే ఆగిపోతుంది, కొత్త గాలికి చోటుండదు.

మన జిల్లా పిల్లలు అడిగేది ఇంకొకటి ఉంది: "తుఫానులో బోలెడంత కరెంటు వస్తుంది కదా?" 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ రాత్రి సంగతి ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. పెద్ద గాలిమరలు సాధారణంగా గంటకు 90 కిలోమీటర్ల గాలి దగ్గరే పని ఆపేస్తాయి, లేకపోతే విరిగిపోతాయి. ఆపడానికి రెక్కల అంచు గాలికి ఎదురొచ్చేలా తిప్పేస్తాయి. దీన్నీ చేసి చూపించొచ్చు. టూత్‌పిక్‌లు తిప్పి మూడు రెక్కలనూ 90 డిగ్రీలకు పెట్టండి, ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టినా చక్రం దాదాపు కదలదు. ఇంకా జోరుగా తిరిగితే మూడింట్లో ఒకటి 90కి రాలేదని అర్థం, మళ్లీ కోణమానిని తీయండి.