దీపావళికి ముందు పర్షియన్ పిల్లి ఉన్నవారు చూసుకోవలసినవి

విజయనగరంలో సిరిమానోత్సవం ముగిసిందంటే టపాసుల మోతకు ఎన్నో రోజులు ఉండవు కనుక, వీటిని ఇప్పుడే చూసుకోవాలి.

వీధి తలుపు: ఇంట్లోనే పెరిగిన పిల్లి మోతకు బెదిరి బయటికి దూసుకుపోతే దారి తెలియక ఏ మూలో నక్కి, పిలిచినా పలకదు కాబట్టి, పొద్దు వాలకముందే దానిని లోపలి గదిలో ఉంచి గడియ వేయాలి.

కిటికీ: దోమతెరను నమ్మవద్దు, ఇనుప జాలీ బిగించాలి. మా ఇంటి తెర మూలన వేలు పట్టేంత ఉన్న చిరుగు రెండు రోజుల్లో పిల్లి తల పట్టేంత అయింది.

గది: పర్షియన్ లాంటి చదును ముక్కు పిల్లికి ఉక్కపోత త్వరగా ఊపిరి ఇబ్బంది తెస్తుంది కనుక, ఫ్యాను, నీళ్లు ఉండాలి; మలమూత్రాలకు ఇసుక తొట్టె కూడా ఉండాలి.

మందులు: భయం తగ్గుతుందని మనుషుల మాత్రలు వేయవద్దు, పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల పిడుదుల మందూ అంతే.

టీకా: గడప దాటకపోయినా రేబిస్ టీకా మానకూడదు.