కీమోథెరపీ సమయంలో తెల్ల రక్తకణాలు తగ్గితే ఏం చేయాలి?

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి కనుక, క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో తయారయ్యే తెల్ల రక్తకణాలు కూడా తగ్గిపోతాయి. వాటిలో బ్యాక్టీరియాను ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ తగ్గడమే ముఖ్యంగా ప్రమాదకరం.

ముందుగా రక్తపరీక్ష రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్యతో సరిపెట్టుకోకుండా న్యూట్రోఫిల్స్ ఎన్ని ఉన్నాయో చూడండి. మొత్తం 2000 కణాలలో అవి 40 శాతమైతే, మైక్రోలీటరుకు 800 ఉన్నట్లు లెక్క. 1500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా అంటారు. 500 కంటే తగ్గితే ఇన్‌ఫెక్షన్ ముప్పు తీవ్రంగా ఉంటుంది.

తరువాత క్యాలెండర్ తీయండి. మందును బట్టి తేడా ఉన్నా, సాధారణంగా కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య ఈ సంఖ్య బాగా పడిపోతుంది కనుక, ఆ రోజులను గుర్తు పెట్టుకుని మరింత జాగ్రత్తగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జ్వరం. చీము పట్టడానికి, వాపు రావడానికి కావలసిన కణాలే తక్కువగా ఉన్నప్పుడు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా పైకి జ్వరం తప్ప మరే లక్షణమూ కనిపించకపోవచ్చు. అందుచేత ఒళ్లు వెచ్చబడినా, వణుకు వచ్చినా వెంటనే థర్మామీటరుతో చూసి, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే, అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తెల్లవారే దాకా ఆగడం ప్రాణాపాయం కావచ్చు. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేసుకోవద్దు. అది జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది. జ్వరం లేకపోయినా దగ్గు, ఆయాసం, మూత్రంలో మంట, నోటిపూత, విరేచనాలు, పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) దగ్గర ఎరుపు కనిపిస్తే తెలియజేయాలి. మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూడడం, ఎనీమా తీసుకోవడం కూడదు.

ఇక రోజువారీ జాగ్రత్తలు తెలిసినవే: సబ్బుతో 20 సెకన్ల పాటు చేతులు కడుక్కోవడం, పళ్లకు మెత్తటి బ్రష్ వాడడం, జలుబు ఉన్నవారికి దూరంగా ఉండడం. ఆహారం విషయంలో మాత్రం అతిగా భయపడనక్కరలేదు. ఉడికించని పండ్లు, కూరగాయలన్నీ మానేయడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలలేదు. శుభ్రంగా కడగడం, మాంసం, గుడ్లు పూర్తిగా ఉడికించడం ముఖ్యం.

కణాల సంఖ్యను ఏ ప్రత్యేక ఆహారమో పెంచుతుందన్న ప్రచారాన్ని నమ్మి చికిత్స ఆలస్యం చేయవద్దు. అవసరమైతే డాక్టరు న్యూట్రోఫిల్స్‌ను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ వంటి ఇంజెక్షన్లు రాస్తారు; వీటిని సాధారణంగా కీమో పూర్తయిన 24 గంటల తరువాతే మొదలుపెడతారు. ఈ ఇంజెక్షన్ల వల్ల ఎముకల నొప్పి వస్తే ఏ మందు వాడవచ్చో ముందే అడిగి ఉంచుకోండి. తదుపరి కీమోకు ముందు పరీక్షలో సంఖ్య కోలుకోకపోతే, డాక్టరు దానిని వాయిదా వేయవచ్చు లేదా మోతాదు తగ్గించవచ్చు.