విజయనగరం ఇంట్లో ఎడారి రాక్ ఆల్బమ్ రికార్డు చేయడం ఎలా

ఎడారి రాక్ అనగానే గుర్తొచ్చే జయంట్ శాండ్, కలెక్సికో బ్యాండ్లది అమెరికాలో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న టూసాన్ నగరం. హౌ గెల్బ్ 1980లలో మొదలుపెట్టిన జయంట్ శాండ్‌లో బేస్ పట్టిన జోయీ బర్న్స్, డ్రమ్స్ వాయించిన జాన్ కన్వర్టినో తర్వాత కలెక్సికో నడిపారు. కాలిఫోర్నియా ఎడారి నుంచి వచ్చిన కైయస్‌ది వేరే దారి: గిటారు తీగల్ని నాలుగు అరస్వరాలు కిందికి దించి బేస్ ఆంప్లిఫయర్లలో మోగించారు. ఒకరిది మెత్తన, మరొకరిది మోత. ఇద్దరి పాటల్లోనూ స్వరానికీ స్వరానికీ మధ్య చోటు పుష్కలంగా ఉంటుంది. అనుభవం పెరిగినకొద్దీ మోత తగ్గించి ఆ చోటును ఇంకా పెంచే బ్యాండ్లూ ఉన్నాయి. లోతైన బాధ పలికించే అమెరికానా (అమెరికా జానపద, కంట్రీ బాణీలు కలిసిన సంగీతం) ఆల్బమ్‌లకు ప్రాణం అదే.

ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలో వాయించేవాడు తేల్చుకోవాలి. స్లాబు ఇంట్లో, టైల్స్ నేల మీద, ఆ నిర్ణయం గోడల చేతుల్లోకి పోతుంది. తీగ ఆగినా గది మోగుతూనే ఉంటుంది. ఎడారి అంటే రివర్బ్ (యంత్రంతో కలిపే ప్రతిధ్వని) అనుకుని మొదటిరోజే దాన్ని కుమ్మరించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ముందు గదిని పొడిగా చెయ్యాలి, ప్రతిధ్వనిని తర్వాత కొలిచి వెయ్యాలి.

గది, కరెంటు, తేమ

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాల రేకు మోగినట్టు చిన్న జర్రుమనే శబ్దం వస్తే ఎదురెదురు గోడలు ఖాళీగా ఉన్నాయని అర్థం. రెండు గోడలకూ పాత బొంతలు వేలాడదీయండి. గోడకు ఆనించకుండా నాలుగంగుళాల ఎడం ఉంచితే అదే బొంత ఇంకాస్త కింది స్థాయి శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. వాయించేవాడి వెనకాల ఒక పరుపు నిలబెట్టండి.

బొంతలతో బేస్, అంటే అతి కింది స్థాయి మోత, తగ్గదు. 10×10 అడుగుల గదిలో గోడల మధ్య దూరం సుమారు 3.05 మీటర్లు, అంటే 56 హెర్ట్జ్ దగ్గర గది ఊగుతుంది. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి ఆ ఊపు రెట్టింపు. పైకప్పు కూడా పదడుగులే అయితే మూడింతలు. కిందికి దించిన గిటారు తీగలు సరిగ్గా ఆ చుట్టుపక్కలే పలుకుతాయి. జూట్ మిల్లుల జిల్లా కాబట్టి పాత గోనె సంచులు దొరకడం కష్టం కాదు. వాటి నిండా చిరిగిన పరుపుల దూదో పాత నూలు బట్టలో వదులుగా కూరి, నాలుగు మూలల్లోనూ ఐదడుగుల ఎత్తు పేర్చండి. మరీ బిగించి కూరితే గాలి ఆడదు, పని చెయ్యదు. ఇంత చేసినా 56 దగ్గర కొంత మిగులుతుంది. గది సరిగ్గా మధ్యలో కూర్చోకుండా, ఒక గోడకు మూడో వంతు దూరంలో కూర్చోండి.

తర్వాత ఫోన్‌కి బ్లూటూత్ స్పీకరు తగిలించి, టోన్ జనరేటర్ యాప్‌లో 60 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పైకి వెళ్లండి. స్టీలు బీరువా తలుపు, కిటికీ గడియ, అలమరలో గిన్నెలు ఎక్కడో ఒకచోట గలగలమంటాయి. ఒక్కొక్కదానికీ గుడ్డ ముక్క దోపండి. రికార్డింగులో వినిపించే వింత బర్రుమనే శబ్దాల్లో చాలా భాగం గిటారువి కావు.

సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. దాని రెక్కలు శబ్దాన్ని తిప్పికొట్టి, అడగని వణుకు కలుపుతాయి. గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ను మధ్యలో పెడితే సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటారులో బరబరమంటుంది, పక్క గదిలోది కూడా. కరెంటు పోయి చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడుస్తుంటే గిటారు రికార్డింగు ఆపేయండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరైతే ఇబ్బంది ఉండదు. ల్యాప్‌టాప్ చార్జరు పీకేస్తే గుయ్యిమనే శబ్దం పోతోందా చూడండి. పోతే బ్యాటరీ మీదే పని చేసుకోండి.

ఇక తేమ. కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు తీగలు త్వరగా తుప్పు పడతాయి. పూత ఉన్న తీగలు వేసుకుని, వాయించాక ప్రతిసారీ పొడిగుడ్డతో తీగ పైనా కిందా తుడవండి. వానాకాలంలో అకౌస్టిక్ గిటారు పైచెక్క ఉబ్బి తీగలు మెట్లకు (ఫ్రెట్లకు) దూరంగా లేస్తాయి. చాలామంది వెంటనే వంతెన (తీగలు ఆనే బ్రిడ్జ్) మీది పట్టీ అరగదీయిస్తారు. అలా చేస్తే వేసవిలో చెక్క సర్దుకున్నాక తీగలు మెట్లకు తగులుతాయి. వంతెన జోలికి వెళ్లకుండా, మూసిన కేసులో 100 గ్రాముల నారింజరంగు సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టి 45–55 శాతం దగ్గర ఉంచండి. గింజలు ఆకుపచ్చగా మారితే, వంటకు వాడని పెనం మీద సన్నటి సెగన రంగు తిరిగి వచ్చేదాకా వేడిచెయ్యండి.

శ్రుతి, తీగలు

ఈ పనికి ఎక్కువగా నప్పేది ఓపెన్ డి మైనర్. ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు: డి, ఎ, డి, ఎఫ్, ఎ, డి. మామూలు శ్రుతి నుంచి ఆరు, మూడు, రెండు, ఒకటి తీగల్ని రెండేసి అరస్వరాలు దించితే చాలు. ఐదూ నాలుగూ కదలవు. అకౌస్టిక్‌కు 12–53 సెట్టు (ఇవి తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఎలక్ట్రిక్‌కు 11–49 సెట్టు వెయ్యండి. 9–42 తీగలతో దించితే అవి వదులై మెట్ల మీద చిటపటలాడతాయి, గట్టిగా నొక్కితే స్వరం పైకి జారుతుంది. లావు తీగ తల దగ్గరి గాడిలో పట్టుకుని టిక్కుమంటుంటే ముందు మెత్తటి పెన్సిలు పొడి రాసి చూడండి, అప్పటికీ పోకపోతేనే గాడి వెడల్పు చేయించండి.

సంగీత కళాశాల ఉన్న ఊరికి ఈ శ్రుతిలో ఒక కలిసొచ్చే సంగతి ఉంది. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. వయొలిన్ నేర్చినవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. మన వయొలిన్ నాలుగు తీగలు స ప స ప. 2 శ్రుతికి పెడితే డి, ఎ, డి, ఎ. గిటారు తీగల్లో ఎఫ్ ఒక్కటే అదనం, అదే సాధారణ గాంధారం. పాడేవాళ్లది 1 శ్రుతైతే అన్నిటినీ ఇంకో రెండు అరస్వరాలు దించి 13–56 సెట్టు వెయ్యండి. 5 శ్రుతైతే ఐదో మెట్టు దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి.

నాలుగు కార్డులు చాలు, డి మైనర్, సి, బి ఫ్లాట్, ఎ. డి మైనర్‌కు అన్నీ ఖాళీ తీగలే. సి కి ఐదో తీగ మూడో మెట్టు, నాలుగు రెండు, మూడు రెండు, రెండు మూడు, ఒకటి రెండు. బి ఫ్లాట్‌కు ఐదు, రెండు తీగల మీద ఒకటో మెట్టు, మిగతావి ఖాళీ. ఈ రెంటికీ ఆరో తీగ మోగకూడదు. ఎ మేజర్‌కు ఏడో మెట్టు మీద వేలు అడ్డంగా వేసి, మూడో తీగను మాత్రం ఎనిమిదో మెట్టుకు పెంచండి. కింద మూలస్వరాలు స ని ద ప అని దిగుతాయి. పైన వయొలిన్ గ రి స ని అని దిగాలి. ఒక్కో కార్డుకు ఒక్క స్వరం, ఒక్క కమాను. చివరి నిషాదం కాకలి. గిటారు సి కార్డులో ఉన్నది కైశికి నిషాదం కాబట్టి ఆ రెండూ ఒకదాని మీదొకటి పడకుండా చూడాలి, కార్డు మారాకే వయొలిన్ మారాలి.

గాంధారాన్ని ఊపొద్దని వయొలిన్ వాద్యకారునికి ముందే చెప్పండి. గిటారు మెట్టు కదలదు, దానిమీద కంపితం పడితే రెండూ కొట్టుకుంటాయి. జారు మాత్రం బాగా పొసుగుతుంది, స్లైడ్ గిటారు చేసేదీ అదే. చిటికెన వేలికి గాజు స్లైడ్ తొడిగి, స్వరం కోసం సరిగ్గా మెట్టు కమ్మీ పైన ఆపండి. మెట్ల మధ్యలో ఆపితే శ్రుతి తక్కువవుతుంది. స్లైడ్ వెనకాల మిగతా వేళ్లు తీగలకు ఆనించకపోతే ఈలల్లాంటి అదనపు శబ్దాలు వస్తాయి.

లయ, వణుకు

నిమిషానికి 72 దెబ్బల వేగం, తిశ్ర గతి (దెబ్బకు మూడు భాగాలు) పెట్టుకోండి. డ్రమ్ సెట్టు లేకపోతే, వేడిచేసి బిగించని డప్పును ఒళ్లో పెట్టుకుని పైన తువ్వాలు కప్పి అరచేత్తో కొట్టండి. కాచిన డప్పు ఖంగుమంటుంది, ఇక్కడ మనకు కావలసింది దుబ్బుమనే శబ్దం. బ్రష్షుల బదులు అడుగు పొడవున్న కొబ్బరి ఈనెలు పదిహేను కట్టగట్టి, అట్టపెట్టె మీద తాటిస్తూ ఈడ్వండి. కట్ట బిగువుగా ఉంటే కర్ర దెబ్బ, వదులుగా ఉంటే ఇసుక రాలిన శబ్దం.

ట్రెమొలో అంటే స్వరం మారకుండా శబ్దం హెచ్చుతగ్గులవడం. 72 వేగంలో ఒక దెబ్బ 833 మిల్లీసెకండ్లు, అందులో మూడో వంతు 278, అంటే సెకనుకు 3.6 వణుకులు. పెడల్ మీద ఈ అంకెలుండవు. మెట్రోనోమ్‌ను 216కి పెట్టి, వణుకు దానితో కలిసేదాకా రేటు నాబ్ తిప్పండి. లోతు 60–70 శాతం. నిండా పెడితే మధ్యలో శబ్దం పూర్తిగా తెగి యంత్రంలా ఉంటుంది. ట్రెమొలో ముందు, రివర్బ్ దాని తర్వాత. తిరగేస్తే తోక కూడా ముక్కలవుతుంది.

రికార్డింగు, మిక్సింగు

24 బిట్, 48 కిలోహెర్ట్జ్. అత్యధిక మోత మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. అకౌస్టిక్‌కు మైకు పన్నెండో మెట్టుకు ఎదురుగా, జానెడు దూరంలో. రంధ్రం ముందు పెడితే అంతా గుమ్ముమంటుంది. ఆంప్లిఫయర్ మైకు జాలీకి అంగుళం దూరంలో, స్పీకరు నడిబొడ్డుకూ అంచుకూ మధ్యన.

గొంతు నెమ్మదిగా, మైకుకు 10–15 సెంటీమీటర్ల దగ్గరగా. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ప్రతి పాదం చివరా ఆ, ఊ రివర్బ్‌లోకి కారి తరువాతి పాదాన్ని మసక చేస్తాయి. చివరి అచ్చును పొట్టిగా తుంచి పాడించండి, సాగదీత పని రివర్బ్‌కు వదిలేయండి. గొంతు రివర్బ్‌కు 60–80 మిల్లీసెకండ్ల ప్రీడిలే ఇస్తే మాట ముందు తేటగా వినబడి, ప్రతిధ్వని వెనకాల వస్తుంది.

గిటారుకు స్ప్రింగ్ రివర్బ్, 2 నుంచి 3 సెకన్లు, 25 శాతం. రివర్బ్ దారిలో 200 హెర్ట్జ్ కిందా 5 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి. బేస్ గిటారు ఉంటే మామూలు గిటారులో 100 కింద కూడా తీసేయాలి, లేకపోతే రెండింటి డి 73 హెర్ట్జ్ దగ్గర ఢీకొంటాయి. గిటారు ఎడమకు 40, వయొలిన్ కుడికి 40, డప్పు, బేస్, గొంతు నడిమధ్య.

మాస్టరింగుకు ఎక్కువ హంగు అక్కర్లేదు. మైనస్ 14 లఫ్స్ (మొత్తం పాట మోతను కొలిచే ప్రమాణం), పీక్ మైనస్ 1 డెసిబెల్. ఇంకా మోత పెంచితే లిమిటర్ (పీక్‌లను అణిచి మొత్తాన్ని పెంచే పరికరం) ఖాళీల్లోని చప్పుడును పైకి లాగుతుంది, ఫ్యాన్ ఆపి సాధించిందంతా వృథా. ఆల్బమ్‌కు ఎనిమిది తొమ్మిది పాటలు, మొత్తం 40 నిమిషాల లోపు. ఒకే శ్రుతిలో మూడు పాటలు వరసగా పెట్టకండి. పాటకూ పాటకూ మధ్య మూడు నాలుగు సెకన్ల ఎడం ఇవ్వండి, ఆ లెక్క రివర్బ్ తోక పూర్తిగా ఆరిపోయిన తర్వాతే మొదలవ్వాలి. ఎక్స్‌పోర్టు చేసే ముందు హెడ్‌ఫోన్స్‌లో మోత పెంచి ప్రతి పాట చివరి పది సెకన్లు వినండి. తోక టక్కున తెగిన చోట ఫైలు చివరను ఇంకో రెండు సెకన్లు పొడిగించి మళ్లీ తీయండి.